వయసు గడి ఖాళీ

జూలై 5, శనివారం

వాడపల్లి జనం ఈవేళ కూడా విరగబడ్డారు. ఏడు శనివారాల మొక్కు పట్టినవాళ్లు వెంకన్న దర్శనం చేసుకున్నాక ఆత్రేయపురంలో ఆగకుండా పోరు. మా షాపులో బెల్లం పూతరేకులు మధ్యాహ్నానికే అయిపోయాయి. చుట్టేవాళ్లు చాలక నేనూ పీట వేసుకుని కూర్చున్నాను.

కోడలు కౌంటరు దగ్గర ఎవరికో చెప్పేసింది, "మా అత్తయ్యగారు కథలు రాస్తారండీ" అని. ఆవిడది భీమవరమట. లోపలికొచ్చి, "ఈ వయసులోనా! ఎంత గొప్పవారండీ!" అని నా చెయ్యి పట్టుకుంది. చేతికి నెయ్యి ఉందండీ అన్నా వదల్లేదు. ఫోటో తీసుకుంది. ఎన్నేళ్లొచ్చాయి, ఎంతవరకు చదివారు, తెల్లారగట్ల ఎన్నింటికి లేస్తారు, కళ్లు కనపడతాయా, అన్నీ అడిగింది. ఏం కథ రాశారు అని మాత్రం అడగలేదు.

అందరూ ఇంతే. మా మేనల్లుడు వాట్సాప్ గ్రూపులో నా కథ పెడితే బోలెడుమంది దండాల బొమ్మలు పెట్టారు. అందులో ఒక్కరూ కథలో ఉన్న మనుషుల గురించి మాట్లాడలేదు. అరవై రెండేళ్ల మనిషి రాసిందంటే చాలు, ఏం రాసిందో చూడక్కర్లేదనుకుంటారు కాబోలు.

జూలై 8, మంగళవారం

వాన. రేకు తీసేవాళ్లు ముగ్గురే వచ్చారు. పొయ్యిల్లోకి ఎండు కొబ్బరాకు దొరకడమే కష్టంగా ఉంది. తడిసిన ఆకు పొగే తప్ప మంటివ్వదు.

నా రాత ఎక్కడ మొదలైందని మనవరాలు ఫోన్లో అడిగింది. కూలి పద్దు పుస్తకంలో మొదలైందని చెప్పాను. ఎవరు ఎన్ని రేకులు తీశారో రాసే పుస్తకం అది. ఎవరైనా రాకపోతే పేరు పక్కన కారణం రాసేదాన్ని, వారం చివర కూలి దగ్గర మాట తేడా రాకుండా ఉండాలని. "రాలేదు, కూతురికి జ్వరం." "రాలేదు, మొగుడితో గొడవ, పుట్టింటికెళ్లింది." "వచ్చింది గాని సగం రోజు ఏడ్చింది." కొన్నేళ్లకి ఆ పక్క రాతలు అంకెల కన్నా ఎక్కువ చోటు తినడం మొదలెట్టాయి. మా వారు చూసి, "పద్దు రాయమంటే పురాణం రాస్తున్నావే" అనేవారు. అలా అన్నారే గాని, ఎప్పుడూ కొట్టెయ్యలేదు.

చదవడం మాత్రం మొదట్నుంచీ ఉంది. పదో తరగతి ప్యాసైన ఏడాదే పెళ్లయింది. మా చిన్న మరిది రావులపాలెం నుంచి నవలలు అద్దెకు తెచ్చేవాడు. యద్దనపూడి సులోచనారాణి, యండమూరి వీరేంద్రనాథ్, ఎవరు దొరికితే వాళ్లు. పొయ్యి దగ్గర చదవడానికి కుదరదు. బోర్లించిన కుండ మీద పిండిలో ముంచిన గుడ్డ ఇటు నుంచి అటు లాగడం ఒక్క క్షణం పని. ఆ క్షణం దాటితే రేకు మాడుతుంది, లేకపోతే చిరుగుతుంది. రెండు చేతులూ రెండు కళ్లూ అక్కడే ఉండాలి. బుర్రొక్కటే ఖాళీ. అద్దె నవల్లో రాత్రి చదివిన చోటు నుంచి కథని నాకిష్టమైనట్టు నడుపుకునేదాన్ని. మర్నాడు పుస్తకం తెరిస్తే రచయిత్రి ఇంకో దారిలో వెళ్లిపోయి ఉండేది. కొన్నిసార్లు నా దారే బాగుందనిపించేది. ఎవరితోనైనా అంటే నవ్విపోతారని ఊరుకున్నాను.

జూలై 11, శుక్రవారం

మనవరాలు కాకినాడ నుంచి వచ్చింది. ఇంజనీరింగు చదువుతోంది. నా కథని ఫోన్లో టైపు చేస్తానంది. ఇప్పుడు పత్రికలకి యూనికోడ్‌లో టైపు చేసిన ఫైలు కావాలట. ఒకప్పుడు అరఠావు కాగితం మీద ఒకవైపే రాసి, తిరుగు టపా కవరు పెట్టి పంపేవారని వారపత్రికల్లో చదివి నాకు తెలుసు. ఆ కాలంలో మొదలుపెట్టి ఉంటే స్టాంపులకే కూలి డబ్బులు అయిపోయేవి.

నేను చదువుతుంటే ఫోనే విని రాసేస్తుందని చెప్పింది. చదివాను. నా పాత్ర "ఒసేయ్, ఆ గుడ్డిలా తేవే" అంటే, ఫోను ఎవరో గుడ్డివాణ్ణి రప్పించింది. పడీపడీ నవ్వుకున్నాం. ఆఖరికి పిల్లే కూర్చుని వేలితో కొట్టింది. మధ్యలో ఆగి, "నానమ్మా, ఈ పెద్ద కోడలు మరీ అంత చెడ్డదా?" అంది.

"కథలో చెడ్డదే," అన్నాను.

"ఎందుకు చెడ్డదో రాయలేదుగా."

దానికి నా దగ్గర జవాబు లేదు. కథ పేరు 'వాటా'. ఉమ్మడి కాపురం విడిపోయిన రాత్రి పెద్ద కోడలు రేకుల కుండని చెప్పకుండా పట్టుకుపోతుంది. కొత్త కుండ అంత తొందరగా మాట వినదు. దానికి రేకు అంటుకుపోతూ ఉంటుంది. ఏళ్ల తరబడి మంట మీద నలిగి అడుగు నున్నబడ్డ కుండంటే రేకులవాళ్ల ఇంట్లో బంగారం కిందే లెక్క. అది పోయాక చిన్న కోడలు ఎలా నిలదొక్కుకుందన్నదే కథ. ఒక వారపత్రికకి పంపాం, హామీపత్రంతో సహా. ఇది నా సొంత రచన, అనువాదం కాదు, అనుసరణ కాదు అని సంతకం పెట్టమన్నారు. పెట్టాను.

జూలై 17, గురువారం

కంటి డాక్టరుకి చూపించుకోవడానికి రాజమండ్రి వెళ్లాం. బొబ్బర్లంక దాటి బ్యారేజీ ఎక్కేసరికి గోదారి ఎర్రబడి ఉంది. పులస కోసం అప్పుడే బేరాలు మొదలయ్యాయని ఆటో అబ్బాయి చెప్పాడు.

డాక్టరు శుక్లం అన్నాడు. పొయ్యి పొగ దగ్గర ఎన్నేళ్లు కూర్చున్నారని అడిగి, నేను చెప్పింది విని ఇంకేం మాట్లాడలేదు. కోత చలికాలంలో పెట్టుకుందామన్నాడు.

తిరిగొచ్చేముందు మనవరాలు గౌతమీ గ్రంథాలయానికి తీసుకెళ్లింది. అన్ని తెలుగు పుస్తకాలు ఒకచోట నేనెప్పుడూ చూడలేదు. అబ్బూరి ఛాయాదేవిగారి 'తన మార్గం' కనబడింది. మా అమ్మాయి పదో తరగతి తెలుగు వాచకంలో ఆవిడ 'బోన్సాయ్ బతుకు' పాఠంగా ఉండేది. పిల్ల చదువుతుంటే నేను చెవులప్పగించి వినేదాన్ని. ఆవిడ పుట్టింది ఈ రాజమండ్రిలోనే, 1933లో. ఢిల్లీలో జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం గ్రంథాలయంలో ఉద్యోగం చేస్తూ, 1982లో గడువుకి ముందే మానేసి రాతకి కూర్చున్నారు. 'తన మార్గం' కథలకి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి 2005లో వచ్చింది. అప్పటికి ఆవిడకి డెబ్బై రెండేళ్లు. అయితే ఆవిడ చదువుకున్న రోజుల నుంచే రాస్తున్నారు. నాలాంటి వాళ్ల వరసలోకి రారు.

పక్కనే ఉన్న కొట్టులో 'నిర్జన వారధి' దొరికింది. కొన్నాం.

జూలై 22, మంగళవారం

'నిర్జన వారధి' పూర్తయింది. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ 2012లో వేసిన పుస్తకం. రాసిన కొండపల్లి కోటేశ్వరమ్మగారికి అప్పటికి తొంభై దాటాయి. ఈ పుస్తకం గురించి ఎవరు ఎత్తినా ముందు ఆ తొంభై అనే మాటే ఎత్తుతారు. నాకూ అలాగే తెలిసింది.

ఆవిడ 1918లో పామర్రులో పుట్టారు. ఊహ తెలియని వయసులోనే పెళ్లి, వైధవ్యం. పెరిగాక కొండపల్లి సీతారామయ్యగారితో మళ్లీ పెళ్లి. పార్టీ, పాటలు, నాటకాలు, అజ్ఞాతవాసం. ఒంటి మీది బంగారం ఉద్యమానికే ఇచ్చేశారు. భర్త విడిచిపెట్టాక, ముప్ఫై అయిదేళ్లు దాటిన వయసులో హైదరాబాదు ఆంధ్ర మహిళా సభలో చేరి మెట్రిక్ చదివారు. తర్వాత మన కాకినాడలోనే ఆడపిల్లల పాలిటెక్నిక్ హాస్టల్లో మేట్రన్‌గా చేశారు. కొడుకుని పోగొట్టుకున్నారు, కూతుర్నీ పోగొట్టుకున్నారు. 2018లో, నూరేళ్లు నిండాక విశాఖపట్నంలో పోయారు.

తొంభై ఏళ్లకి కలం పట్టారని చెప్పుకోవడం ఒట్టి మాట. పార్టీ రోజుల నుంచీ పాటలు కట్టారు, పాడారు. ఒంటరిగా ఉన్న రోజుల్లో కథలు రాశారు. ఈ పుస్తకం కన్నా ముందే ఆవిడ పాటలూ కథలూ అచ్చయ్యాయి. లోకం తలతిప్పి చూసింది తొంభై దాటాక. ఆ ఆలస్యం లోకానిది. దాన్ని ఆవిడ ఖాతాలో వేసి, పైగా మెచ్చుకుంటున్నారు.

పుస్తకం నన్ను కూర్చోబెట్టింది మాత్రం వయసు వల్ల కాదు. భర్త మీద నేరం మోపడానికి ఆవిడకి ఉన్నన్ని కారణాలు ఎవరికుంటాయి? అయినా ఎక్కడా గొంతు పెంచలేదు. ఆయన చేసింది చేసినట్టు చెప్పి, తన పనిలోకి తాను వెళ్లిపోతారు. పిల్లల చావు దగ్గర కూడా మాట పొడిగించలేదు. ఏడవాల్సిన పని చదివేవాళ్లకి వదిలేశారు. పాతికేళ్ల మనిషి ఇలా రాసినా గొప్పే.

నా 'వాటా'లో పెద్ద కోడలు గుర్తొచ్చింది. నేను గొంతు పెంచిన చోట్లు కనబడ్డాయి.

జూలై 26, శనివారం

శ్రావణం వచ్చేసింది. పెళ్లిళ్ల ఆర్డర్లు, పేరంటాల ఆర్డర్లు. వరలక్ష్మీ వ్రతం వారానికి రేకుకి ఎక్కడలేని గిరాకీ. రాత ఆగింది.

తెలుగు మాస్టారు వచ్చారు. రిటైరయ్యాక ఊళ్లోనే ఉంటున్నారు. ఏం చూపించినా "బాగుందమ్మా" అంటారు. ఈవేళ ఒక సలహా కూడా ఇచ్చారు, పూతరేకుకీ కథకీ పోలిక పెట్టి ఏదైనా రాయమని. పత్రికలవాళ్లు ఎగిరి గంతేస్తారట. చిరిగిన రేకుని మడత లోపల పెట్టి చుట్టేస్తాం మాస్టారూ, తినేవాళ్లకి తెలీదు, కథలో చిరుగు అలా దాక్కోదు, అన్నాను. "చూశావా, పోలిక పెట్టేశావు!" అని చప్పట్లు కొట్టారు. ఆయనకి కాఫీ ఇచ్చి పంపేశాను.

ఆగస్టు 2, శనివారం

ఒక సంఘంవాళ్లు వచ్చారు. స్వాతంత్ర్య దినానికి నాకు సన్మానం చేస్తారట. శాలువా, జ్ఞాపిక, ఒక బిరుదు. బిరుదులో పూతరేకుల మాట తప్పకుండా ఉండాలట. పుట్టినతేదీ, కుండ దగ్గర కూర్చున్న ఫోటో ఒకటి కావాలన్నారు.

"నా కథ ఒక్కటీ అచ్చవ్వలేదండీ," అన్నాను.

"అయినా ఫర్వాలేదండీ. మీ వయసులో రాయాలన్న తపనే గొప్ప."

"మీలో ఎవరైనా చదివారా?"

ఒకాయన మనవరాలి వైపు చూసి నవ్వాడు. ఇంకొకాయన పంపించండి, చదువుతాం అన్నాడు. అచ్చయ్యాక చూద్దాం లెండి అని పంపేశాను. కోడలు ముఖం చిన్నబుచ్చుకుంది. షాపుకి నాలుగు రాళ్లొచ్చే పని అని దానికి. దాని బాధ దానిదే, తప్పని అనలేను. 2023లో మా రేకులకి భౌగోళిక గుర్తింపు వచ్చినప్పటి నుంచి కెమెరాల రాకపోకలు ఎక్కువయ్యాయి. కెమెరాకి కావలసింది పొగ, కుండ, ముడతలు పడ్డ చెయ్యి. ఆ చెయ్యి ఏదైనా రాస్తే ఇంకా మంచిది. ఏం రాసిందో చదివే తీరిక కెమెరాకి ఉండదు.

ఆగస్టు 6, బుధవారం

నేను సన్మానం వద్దన్నానని మనవరాలికి ఆనందం. కాకినాడ నుంచి ఫోన్ చేసి, ఆలస్యంగా మొదలుపెట్టినవాళ్ల గురించి వెతికి చదివి వినిపించింది.

బెంగాల్లో రాససుందరీ దేవి. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో పుట్టింది. ఆడదానికి చదువొస్తే వైధవ్యం వస్తుందని నమ్మిన కాలం. పాతికేళ్లు దాటాక, చైతన్య భాగవతం ప్రతిలోంచి ఒక ఆకు, కొడుకు అక్షరాలు దిద్దిన తాటాకు ఒకటి దొంగతనంగా తెచ్చుకుని, వంటింట్లో ఒకదాని పక్కన ఒకటి పెట్టుకుని అక్షరాలు పోల్చుకుంది. ముందు చదవడం, చాలా ఏళ్లకి రాయడం. ఆమె స్వీయచరిత్ర 'ఆమార్ జీబన్' 1876లో అచ్చయింది. బెంగాలీలో మొదటి ఆత్మకథ అదేనంటారు. వంటింట్లో పొగ మధ్య ఆకు దాచుకున్న ఆ మనిషిని తలుచుకుంటే, నా అద్దె నవలలు మహారాజ భోగం.

ఇంగ్లండులో పెనెలొపి ఫిట్జెరాల్డ్. పిల్లలకి పాఠాలు చెప్పుకుంటూ సంసారం ఈదింది. డబ్బుల్లేక లండన్లో థేమ్స్ నది మీద పాత పడవలో కాపురం పెట్టింది. ఆ పడవా మునిగిపోయింది. మొదటి పుస్తకం వచ్చేసరికి యాభై ఎనిమిది. మొదటి నవల మంచం పట్టిన భర్తకి కాలక్షేపం కోసం రాసింది. పడవ కాపురం మీద రాసిన 'ఆఫ్‌షోర్'కి 1979లో బుకర్ బహుమతి వచ్చింది.

"చూశావా నానమ్మా, అరవై దాటాక బుకర్!" అంది పిల్ల.

"అరవై వదిలెయ్యవే. ఆ పడవ సంగతి ఎలా రాసిందో చెప్పు," అన్నాను. పిల్ల ఆ నవల చదవలేదు. చదివి చెప్తానంది. చెప్తే తప్పకుండా వింటాను. నది మీద పడవలో పొయ్యి ఎలా రాజేసేదో, పిల్లలకి తడి బట్టలు ఎక్కడ ఆరేసేదో నాకు తెలుసుకోవాలని ఉంది.

ఆగస్టు 10, ఆదివారం

రాఖీ పండగ హడావిడి నిన్నటితో అయింది. ఈవేళ ఇంకో హడావిడి. మా తోడికోడలు వచ్చింది. పెద్దావిడ, డెబ్బై దాటాయి. మా మేనల్లుడు ఆవిడ ఫోన్లో నా కథ పెట్టాడట. అక్షరాలు పెద్దవి చేసుకుని, కూడబలుక్కుని మొత్తం చదివిందట. వస్తూనే,

"ఆ పెద్ద కోడలు నేనేగా?" అంది.

"కథ అక్కయ్యా. కథలో మనుషులు వేరు."

"వేరైతే ఆ కుండ మన అత్తగారి కుండ ఎలా అయ్యిందే? మూతి దగ్గర చిన్న పెచ్చు కూడా రాశావు."

కూర్చోమన్నాను. కూర్చుంది గాని, ఊరుకోలేదు. మొదటి పేజీ నుంచి పట్టుకుంది. వాటాలు పంచింది రాత్రి కాదు, మధ్యాహ్నం. మావగారు గుమ్మంలో కూర్చోలేదు, అరుగు మీద కూర్చున్నారు. అన్నిటికన్నా కోపం ఆఖరి పేజీ మీద.

"కుండ పట్టుకుపోయాననే రాశావు. పట్టుకెళ్లాను, కాదన్లేదు. ఎనభై ఆరు వరదలో దాన్ని నెత్తిన పెట్టుకుని మోసిందెవరు? నీ ట్రంకు పెట్టి నువ్వు మోసుకున్నావు. నా చీరలు ఇంట్లోనే వదిలేసి ఆ కుండ తెచ్చాను నేను. అది రాయవేం?"

1986 ఆగస్టు. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిపోయిన వరద. ఇప్పుడు పది లక్షలకే మొదటి ప్రమాద హెచ్చరిక ఎగరేస్తారు. గట్టు ఆగుతుందో తెగుతుందో తెలీక, అందినవి చంకన పెట్టుకుని డాబా ఇళ్లకి చేరాం. నాకు ఇరవై మూడేళ్లు, చంకలో చంటివాడు. వెనక్కి తిరిగి చూడలేదు. ఎవరి నెత్తి మీద ఏముందో నేను ఎరగను.

"నాకు తెలీదక్కయ్యా," అన్నాను.

"తెలీకపోతే అడగాలి. నేను చచ్చిపోయానా?"

మజ్జిగ తాగి వెళ్లిపోయింది. వెళ్తూ వెళ్తూ, కథలో ఆ దొడ్డెమ్మ దెప్పిపొడిచే మాట మాత్రం బాగా రాశావంది.

ఆగస్టు 12, మంగళవారం

పత్రిక నుంచి జవాబు వచ్చింది. ఒక్క వాక్యం. ప్రచురణకు స్వీకరించలేకపోతున్నాం అని.

కోడలు ఓదార్చడానికి వచ్చింది. ఓదార్పు అక్కర్లేకపోయింది. ఆ వాక్యంలో అమ్మా అని లేదు, ఈ వయసులో అని లేదు. కథ చదివారు, నచ్చలేదు. ముప్ఫై ఏళ్ల కుర్రాడికైనా అదే వాక్యం పంపేవారు. మాస్టారి "బాగుందమ్మా" కన్నా ఇది మర్యాదగా ఉంది.

అయినా రాత్రి అన్నం సయించలేదు. మర్యాద మర్యాదే, బాధ బాధే.

ఆగస్టు 16, శనివారం

అక్కయ్య మాట వదలడం లేదు. నన్ను మెచ్చుకున్నవాళ్లు ఎంతమందో. నా కథతో పేజీ పేజీకి దెబ్బలాడింది ఆవిడ ఒక్కతే. అంటే, రాసింది రాసినట్టు చదివింది ఆవిడే. ఐదో తరగతితో బడి మానేసిన మనిషి. కథ బాగుందా లేదా అని ఆవిడ చూడలేదు. జరిగింది జరిగినట్టుందా, తనకి న్యాయం జరిగిందా అని చూసింది. రాసేదానికి అంతకన్నా గట్టి పరీక్ష ఏముంది?

నాకు గుర్తున్నది నాకు నిజం. ఆవిడకి గుర్తున్నదీ నిజమే. ఇద్దరివీ ఒక కథలో పట్టవని ఇన్నాళ్లూ అనుకున్నాను. పట్టకపోతే కథ పెద్దది చేసుకోవాలి గాని, మనిషిని చిన్నది చేయకూడదు. అయినా ముప్ఫై ఏళ్ల కిందట ఇది రాసి ఉంటే, ఆవిడ మాట నా చెవిన పడేదే కాదు. కుండ పోయిన కోపంతోనే రాసేదాన్ని, అక్కడితో ఆగిపోయేదాన్ని. ఆలస్యం నాకిచ్చింది ఏమైనా ఉంటే, దెబ్బలాడే మనిషి ఎదురుగా కూర్చుంటే వినగలగడం ఒక్కటే. దానికి శాలువా కప్పరు.

రాత్రి షాపు కట్టేశాక కూర్చున్నాను. వరద ఘట్టం కొత్తగా రాయడం మొదలుపెట్టాను. పెద్ద కోడలు చీరలు వదిలేసి కుండ ఎత్తుకుంటుంది. చిన్న కోడలు వెనక్కి చూడదు. వాటాల రోజు కుండ ఎవరిదన్న తగువు వచ్చేసరికి, చదివేవాడు ఎటూ తేల్చుకోలేకపోవాలి. నాకూ తేలలేదు.

ఆగస్టు 19, మంగళవారం

మాస్టారితో తగువు వేసుకున్నాను. "బాగుందమ్మా" ఇంక వద్దు, ఎక్కడ బాగోలేదో పెన్సిలుతో గీయండి అన్నాను. మొదట నొచ్చుకున్నారు. సాయంత్రానికి కాగితాలు తిరిగొచ్చాయి, ఒళ్లంతా గీతలతో. అత్తగారి చావు ఘట్టం మొత్తం కొట్టెయ్యమన్నారు. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అదే. రెండు సార్లు చదివి కొట్టేశాను. కథ నడక తేలికైంది. ముప్ఫై అయిదేళ్లు బళ్లో పాఠం చెప్పిన మనిషికి కాగితం మీద గీత పెట్టడం రాదని ఎలా అనుకున్నానో.

మాటల్లో ఆయన శ్రీకాకుళం కథానిలయం గురించి చెప్పారు. కాళీపట్నం రామారావు మాస్టారు తనకొచ్చిన పురస్కారాల డబ్బు పెట్టి 1997లో మొదలుపెట్టారట. అచ్చయిన తెలుగు కథ ఎవరు రాసినా, ఏ పత్రికలో వచ్చినా, దొరికినంత మేరకు అక్కడ సేకరించి పెడతారు. కథ పేరు, రాసినవారి పేరు, పత్రిక, తేదీ. మొదటి కథైనా నూరో కథైనా ఒకే బీరువా. ఎవరు ఏ వయసులో రాశారో ఆ బీరువా అడగదు. అచ్చయితే నాదీ అక్కడికి చేరుతుంది. ఆశపడటానికి ఆ బీరువా చాలు.

ఆగస్టు 25, సోమవారం

ఒక పత్రిక దీపావళి కథల పోటీ ప్రకటన మనవరాలు పంపింది. నియమాలు చదివితే ఒకటి భలే నచ్చింది. కథ ఉన్న పేజీల మీద రచయిత పేరు, చిరునామా ఎక్కడా ఉండకూడదు, అవి వేరే కాగితం మీద రాయాలి. న్యాయనిర్ణేతల ముందుకి పోయేది కథ ఒక్కటే. ఇన్నాళ్లూ నేను వెతుకుతున్న గుమ్మం ఇది. అందులోకి వెళ్లాక ఎవరూ చెయ్యి పట్టుకుని ఫోటో తీసుకోరు.

కొత్త 'వాటా' పాతదానికి రెట్టింపు ఉంది. పదాల పరిమితి దాటిందట. తగ్గించాలి. చిన్న కోడలు కష్టాలే ముందు తగ్గిస్తాను. వాటి మీద నాకు ప్రేమ ఎక్కువ, కాబట్టి కొవ్వూ అక్కడే ఉంటుంది.

ఆగస్టు 29, శుక్రవారం

నిన్న అక్కయ్యని పిలిచి కొత్తది చదివి వినిపించాను. చదువుతున్నంతసేపూ ఆవిడ తమలపాకులకి ఈనెలు తీస్తూ కూర్చుంది. వరద దగ్గర చెయ్యి ఆగింది. అయిపోయాక కాసేపుండి, "చీరల్లో ఒకటి నా పెళ్లి చీర. అది రాయి," అంది. అంతే. బాగుందనీ అనలేదు, బాగోలేదనీ అనలేదు. రాశాను.

ఈవేళ పంపించాం. విడి కాగితంలో పేరు, చిరునామా, ఫోను, బ్యాంకు ఖాతా, వయసు. వయసు దగ్గరికొచ్చేసరికి ఇంట్లో పంచాయితీ. అరవై రెండని రాస్తే ఫోటో వేసి గొప్పగా పరిచయం చేస్తారని కోడలు. అందులో అబద్ధం లేదు. అలా వేస్తారు, ఊరంతా చూస్తారు, షాపుకీ మంచిదే. అచ్చు కోసం అర్రులు చాస్తున్నదాన్ని, ఆశ నాకూ పుట్టింది.

కాని నా వయసు కథలోనే ఉంది. వరదకి ఇరవై మూడేళ్లుండి, ఇప్పుడు ఇద్దరి పక్షాలూ వినగలిగిన మనిషి తప్ప ఇంకెవరూ ఆ కథ అలా రాయలేరు. చదివినవాళ్లకి అది తెలుస్తుంది. తెలియకపోతే, గడిలో అంకె వేసి తెలియజెయ్యడం వల్ల లాభం లేదు. ఆ గడి ఖాళీగా వదిలెయ్యమన్నాను. కాగితం నాది కాబట్టి మాట నెగ్గింది.

రెండో కథ పద్దు పుస్తకంలోంచే తీస్తున్నాను, సగం రోజు ఏడ్చిన మనిషిది. ఆవిడ ఇంకా మా దగ్గరే రేకులు తీస్తుంది. ఈసారి ముందే అడిగాను, రాయనా అని. "రాసుకోండమ్మగారూ, ఆయ్," అంది. "కాని ఎందుకేడ్చానో నేనే చెప్తాను. మీరనుకున్నది కాదది."

రేపు శనివారం, జనం. ఎల్లుండి పని అయ్యాక కూర్చుంటానంది.